ముసలివాళ్లతో, చిన్నపిల్లతో గోదావరి డెల్టాకి తిరిగొస్తే ఏ ఊళ్లో ఉండాలి? ర్యాంకు చూడాలా, ఏటిగట్టు చూడాలా?

లంకబాబు:
అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఇప్పుడు ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారు, నెలకి రెండు రోజులు ఆఫీసులో కనపడితే చాలు. అందుకని మన వైపు వచ్చేద్దామని నేనూ మా ఆవిడా గట్టిగా అనుకున్నాం. నాన్నకి 71 ఏళ్లు, అమ్మకి రెండేళ్ల కిందట స్టెంటు వేశారు, పాపకి ఆరేళ్లు. సొంతూరు పి.గన్నవరం దగ్గర ఒక లంక. ఇల్లుంది, కొబ్బరితోట ఉంది, నాన్న అక్కణ్ణుంచి కదలనంటాడు. పాపతో నేను మాత్రం అక్కడ కాపురం పెట్టలేను. 2022 జులై వరదలో వాళ్లిద్దరూ నాలుగు రోజులు డాబా మీద ఉంటే నేను ఇక్కడ ఫోను పట్టుకుని ఎలా గడిపానో నాకే తెలుసు.

సరే ఏ ఊరు అని వెతుకుతుంటే కేంద్రం వాళ్ల ఈజ్ ఆఫ్ లివింగ్ లిస్టు దొరికింది. 2020ది, 2021 మార్చిలో విడుదల చేశారు. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో సిమ్లా, భువనేశ్వర్, సిల్వాసా తరవాత నాలుగో ర్యాంకు మన కాకినాడది! చూసి గర్వంగానే అనిపించింది. ఆ ర్యాంకు నమ్మి కాకినాడలో ఫ్లాటు కొనేయొచ్చా? లేకపోతే భీమవరం, అమలాపురం, రాజమండ్రి? ఒక ఊరు బతకడానికి బాగుందా, సేఫేనా అన్నది మీరైతే ఎలా చూస్తారు?

పుంతరోడ్డు:
గంటసేపు గట్టిగా వాన పడితే ఏ రోడ్డు మీద బండి ఆగిపోతుందో ఆ లిస్టులో రాశారాండీ?

అంకెలరాయుడు:
లిస్టుని తిట్టక్కర్లేదు, దాన్ని దేనికోసం చేశారో తెలిస్తే చాలు. ఆ సర్వేలో ఉన్నవి 111 ఊళ్లే, ప్రధానంగా స్మార్ట్ సిటీలూ, పది లక్షలు దాటిన నగరాలూ. కాకినాడ స్మార్ట్ సిటీ కాబట్టి అందులో ఉంది. భీమవరం, అమలాపురం, తణుకు, పాలకొల్లు అసలు పరీక్షకే కూర్చోలేదు, కాబట్టి వాటికి ర్యాంకు రాలేదని చిన్నచూపు చూడకండి. పైగా ఊరంతటికీ కలిపి ఒక మార్కు వేస్తారు, మనం ఉండేది ఒక వీధిలో. ఒకే ఊళ్లో మెయిన్ రోడ్డు పక్క అపార్టుమెంటూ, డ్రెయిన్ పక్క కాలనీ ఒకే ర్యాంకులో ఉంటాయి.

వియన్నా లాంటి ఊళ్లని పైన పెడుతూ ఏటా పేపర్లో వచ్చే ప్రపంచ లిస్టులు ఇంకో రకం. పెద్ద కంపెనీలు ఉద్యోగుల్ని వేరే దేశం పంపేటప్పుడు కష్టానికి ఎంత అలవెన్సు ఇవ్వాలో లెక్కేసుకోవడానికి కూడా అవి పనికొస్తాయి. మీ అమ్మగారికి అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఎటు తీసుకెళ్లాలో వాటిలో ఉండదు.

నేరాల లెక్కలూ జాగ్రత్తగా చదవాలి. దేశమంతటి నేరాల లెక్కలు కట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ వేసే మహానగరాల పట్టికలో ఉండేవి 20 లక్షలు దాటిన 19 నగరాలు, మన డెల్టా నుంచి ఒక్కటీ లేదు. రాష్ట్రాల పట్టికలో ఉన్నది కూడా జరిగిన నేరం కాదు, రిజిస్టరైన కేసు. కేరళలో కేసులు ఎక్కువ కనపడటానికి అక్కడి జనం స్టేషన్‌కి వెళ్లడం, అక్కడ కేసు కట్టడం కూడా కారణమే. కేసులు తక్కువున్న ఊరు నెమ్మదైన ఊరో, స్టేషన్ మెట్లెక్కడానికి భయపడే ఊరో అంకెని బట్టి చెప్పలేం.

రేవుకాడోడు:
బాబూ, నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. డెల్టాలో ఊరి పేరు తరవాత, ముందు మెరకా పల్లమా అది చూడు. ఆ తరవాత ఏటిగట్టుకి ఏ వైపు అన్నది చూడు.

గట్టు లోపల, అంటే ఏటి వైపున, ఉన్న లంకకి నీళ్లు రావడం మామూలే. జనానికి అలవాటు, సామాను అటకెక్కిస్తారు, గొడ్లని గట్టు మీదకి తోలేస్తారు, పడవ సిద్ధంగా ఉంటుంది. గట్టు బయటున్న ఊరికి ఏళ్ల తరబడి ఏమీ కాదు, అయితే గండి పడిన రోజున మాత్రం పడవా ఉండదు, అలవాటూ ఉండదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 2006లో 28 లక్షలు దాటింది, మీ నాన్నగారు డాబా ఎక్కిన 2022 జులైలో 25 లక్షలు దాటింది. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. అక్కడ 53 దాటిందంటే ఇక్కడ మేము సర్దుకోవడానికి సుమారు ఒక రోజు దొరుకుతుంది. గోదారి చెప్పి వస్తుంది, అదొక్కటే దాని మంచితనం.

వాన అలా చెప్పిరాదు. అసలు ఇల్లు చూసుకునేటప్పుడు ఎవరూ అడగనిది డ్రెయిన్ గురించి. ఏరు ఎప్పుడో ముంచుతుంది, మురుక్కాలువ ఏటా ముంచుతుంది. 2012లో నీలం తుపాను వానలకి గోదారి ఏం పొంగలేదు, నీరు పోయే దారి లేక చేలూ వీధులూ రోజుల తరబడి మునిగున్నాయి. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, అవతల సముద్రం పోటు మీదుంటే నీరు వెనక్కి తంతుంది. కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గదులూ టైల్సూ తరవాత చూడొచ్చు, ముందు వీధి చివరికి నడిచి వెళ్లి నీరు ఎటు పోతుందో చూడు. పాత ఇళ్ల అరుగులు ఎంత ఎత్తున్నాయో చూడు, పెద్దలు సరదాకి కట్టలేదు. కరెంటు మీటరు మనిషి తలకన్నా పైన బిగించి ఉంటే ఆ వీధి సంగతి లైన్‌మేన్‌కి తెలుసన్నమాట. కొత్త లేఔట్ అయితే మెరక చేసిన మట్టి కింద నిన్నటిదాకా ఏముందో కిళ్లీ కొట్టు వాణ్ణి అడుగు. బ్రోకర్ని అడగొద్దు.

భీమవరం_బుల్లోడు:
ఏంటండీ అందరూ ముంపు గురించే. భీమవరం రండి. రైలుంది, ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, గుండె డాక్టర్లున్నారు, 2022 నుంచి జిల్లా కేంద్రం, రాత్రి పదకొండుకి కూడా టిఫిను దొరుకుతుంది. చేతిలో డబ్బాడే ఊరు, రొయ్య బాగుంటే అందరూ బాగుంటారు. సంక్రాంతికి చుట్టాల్ని ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక టెన్షన్ తప్ప వేరే టెన్షన్ లేదు.

పుంతరోడ్డు:
బుల్లోడు గారూ, మీ ఇంట్లో టీ ఏ నీళ్లతో పెడతారు?

భీమవరం_బుల్లోడు:
టిన్ను నీళ్లతో. ఆ, తెలుసు, అక్కడికే వస్తారని. నిజమే చెప్తాను, మా చిన్నప్పుడు చెరువు నీళ్లు కావిడితో తెచ్చుకుని చిల్లగింజ అరగదీసి తేర్చుకుని తాగాం. ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, పప్పు ఉడకదు, తల స్నానం చేస్తే జుట్టు తాడులా అయిపోతుంది. యనమదుర్రు డ్రెయిన్ పక్కనుంచి వెళ్తే ముక్కు మూసుకుంటాం. డబ్బూ ఆ చెరువుల్లోంచే వచ్చింది, ఈ ఉప్పూ ఆ చెరువుల్లోంచే వచ్చింది, నేను ఏదీ దాచట్లేదు. టౌనులో మున్సిపల్ నీళ్లు పర్లేదు, కలిదిండి, కాళ్ల వైపు పల్లెల్లో స్థలం చవగ్గా వస్తోందని మాత్రం కొనకండి.

అంకెలరాయుడు:
నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది, జేబులో వేసుకెళ్లండి. తాగే నీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. అయితే మీటరు ఉప్పు చెప్తుంది గానీ క్రిముల్ని చెప్పదు. కుళాయి చివర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, పంచాయతీ వాళ్ల దగ్గర చూసే కిట్టు ఉంటుంది, అడిగితే చూపిస్తారు. చూపించడానికి విసుక్కున్నారంటే అదీ ఒక సమాధానమే.

ఇంకోటి. వేసవిలో రిపేర్లకి కాలువలు కట్టేస్తారు, మళ్లీ వదిలేది జూన్‌లో. అప్పటిదాకా ఊరు తాగేది ముందే నింపుకున్న మంచినీళ్ల చెరువు. కాబట్టి జనవరిలో వచ్చి కాలువ నిండుగా పారుతుంటే చూసి మురిసిపోవద్దు, మే నెల మూడో వారంలో వచ్చి ఆ చెరువు అడుగు చూడండి.

నైట్‌డ్యూటీ:
నేను నర్సుని, కాకినాడలో చేస్తున్నాను, అంతకుముందు ఒక పల్లెటూరి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చేశాను. లంకబాబు గారూ, మీకు స్టెంటు వేసిన అమ్మ ఉంది కాబట్టి సూటిగా చెప్తాను. ఇంటికి ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు అని కాదు అడగాల్సింది. రాత్రి రెండింటికి అక్కడ ఈసీజీ తీసి చదివే మనిషి ఉంటాడా, గుండెపోటు అయితే స్టెంటు వేసే క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఊరికి ఎంతసేపు, మధ్యలో లెవెల్ క్రాసింగు గానీ ఒంటి లైను వంతెన గానీ ఉందా, ఇవి అడగండి. బోర్డు మీద 24 గంటలు అని అందరూ రాస్తారు. చేరాలనుకున్న ఊళ్లో ఒక రాత్రి కారేసుకుని నిజంగా వెళ్లి చూడండి, పిచ్చి పని అనుకుంటారు గానీ మా అన్నయ్య చేశాడు, పగలు ఇరవై నిమిషాలు పట్టే దారి రాత్రి ధాన్యం లారీల వెనక యాభై నిమిషాలు పట్టింది.

పల్లెలో ఉంటే పాము మందు ఉందో లేదో అడగండి. వరద తీసేటప్పుడు పాములు ఇళ్లలోకి వస్తాయి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే తెలియదు, నేల మీద పడుకున్నవాళ్లు కడుపునొప్పి అంటూ లేస్తారు. ఆ రాత్రి మందు వేసే డాక్టరు ఉన్న ఊరే సేఫ్ ఊరు, నా లెక్కలో.

ఇక ఆడవాళ్ల సంగతి. ఊరు మంచిదే అని మగవాళ్లు చెప్తే నేను నమ్మను, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చే అమ్మాయిల్ని అడుగుతాను. నాకు భయం వేసేది ఊళ్లో కాదు, బస్సు దిగిన చోటికీ మా గుమ్మానికీ మధ్య ఉన్న ఆరు వందల అడుగుల్లో. రెండు లైట్లు వెలగవు, బ్రాందీ షాపు పక్కనే. ఇల్లు మారాను, అద్దె పదిహేను వందలు ఎక్కువ, ఇప్పుడు ఆటో గుమ్మం దాకా వస్తుంది. కాకినాడే, అదే ఊరు, అదే ర్యాంకు.

కొబ్బరాకు:
అమలాపురం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, ఆయ్. ఇక్కడే పుట్టాను, వదిలి పోను, కానీ దాచి చెప్పడం చేతకాదు. దొంగల భయం అంత లేదు, ఎవరింటికి ఎవరొచ్చారో వీధంతటికీ తెలుసు (అది కూడా కొన్నిసార్లు ఇబ్బందే అనుకోండి). నాకు నిజంగా భయం వేసేది కాలువగట్టు రోడ్లంటే. ఒక పక్క కాలువ, పిట్టగోడ ఉండదు, మంచు పడితే మలుపు కనపడదు, కారు తిన్నగా నీళ్లలోకి. పిల్లల సంగతి సరేసరి, స్నానానికి దిగడం, జారడం. పాపకి ఆరేళ్లంటున్నారు కదా, బడి చూసే ముందు ఈత నేర్పే చోటు చూడండి. నేను జోకు వెయ్యట్లేదు.

రెండోది గ్యాసు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది, రాత్రిళ్లు ఎంత దూరానికైనా ఆకాశం ఎర్రగా కనపడేది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో తెల్లవారుజామున పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. కోనసీమలో స్థలం కొంటే చుట్టుపక్కల పైపులైను గుర్తు బోర్డులు ఉన్నాయేమో తిరిగి చూడండి. ఆ పైపు పోయే పట్టా భూమి మనదే అయినా 1962 చట్టం ప్రకారం దాని మీద ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు వెయ్యకూడదు. కొబ్బరి మొక్క వెయ్యకూడని భూమి కోనసీమలో కొని ఏం చేసుకుంటారు?

తుపాను గురించి ఒక్క మాట. 1996 నవంబరు 6 రాత్రి నాకు పదేళ్లు. వెయ్యి మందికి పైగా చనిపోయారు అన్నది తరవాత తెలిసింది, నాకు గుర్తున్నది తెల్లారాక తోటలో నిలబడ్డ చెట్టు లేకపోవడం, ఆకాశం అంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. ఇంటి మీదకి వంగిన కొబ్బరిచెట్టు ఉన్న ఇల్లు అందంగా ఉంటుంది, ఫొటోకి బాగుంటుంది. తీసుకోకండి.

ఇంటి నుంచి పని అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. జిల్లా పేరు మార్పు మీద 2022 మే 24న జరిగిన గొడవల తరవాత ఇక్కడ రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. మా బావమరిది ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని రోజూ ఏరు దాటి అవతలికి వెళ్లి పనిచేసుకుని వచ్చేవాడు.

పేటపిల్ల:
ఇంత మంది ఇన్ని చెప్పారు, ఒకటి మాత్రం ఎవరూ చెప్పలేదు. మీకు అవసరం పడి ఉండదు. అద్దెకి ఇల్లు అడగ్గానే అడ్వాన్సు కన్నా ముందు అడిగేది "మీరేవుట్లండీ?" అని. నేను బ్యాంకులో పనిచేస్తాను, జీతం స్లిప్పు చూపిస్తాను, నీళ్లు వచ్చే వేళలు కూడా చెప్పేసిన ఓనరు ఆ ఒక్క ప్రశ్నకి జవాబు విన్నాక "మా అబ్బాయి వస్తానన్నాడమ్మా" అంటాడు. ఈ రెండు జిల్లాల్లో మూడు ఊళ్లలో ఇదే. నాలుగో ఊళ్లో ఒక టీచరమ్మ ఏమీ అడగలేదు, ఆరేళ్లయింది, అక్కడే ఉన్నాం. ఆ వీధిలో వాన నీళ్లు నిలుస్తాయి, కరెంటు పోతుంటుంది. నాకు అదే బతకడానికి మంచి వీధి. గొడవలు వచ్చినప్పుడు ఎవరి ఇంటి తలుపు కొట్టగలం అన్నది కూడా సేఫ్టీ లెక్కలోనే వెయ్యండి.

పుంతరోడ్డు:
ఇప్పుడు కులం ఎందుకండీ మధ్యలో, మంచి చర్చ నడుస్తుంటే

నైట్‌డ్యూటీ:
మధ్యలో తెచ్చింది ఆవిడ కాదండీ, ఓనర్లు. నాతో పనిచేసే ఇద్దరికి ఇదే జరిగింది.

మోడరేటర్:
2022 గొడవలో ఎవరిది తప్పు అంటూ వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. పేటపిల్ల గారి పోస్టు ఉంటుంది, అది విషయంలోనిదే.

రేవుకాడోడు:
అమ్మా పేటపిల్లా, నువ్వు చెప్పింది నిజం. మా వీధిలోనే చూశాను, నోరు మెదపలేదు. అంతే చెప్పగలను.

లంకబాబు:
అందరికీ థాంక్స్. మూడు వారాలు కనపడలేదు, ఎందుకంటే మీరు చెప్పినవి పట్టుకుని తిరిగొచ్చాం. సెలవు పెట్టి నాన్నని కూడా వెంటబెట్టుకెళ్లాను.

కాకినాడ ఫ్లాటు ఐదో అంతస్తు, బాగుంది, గాలి బాగుంది, ఆసుపత్రులు దగ్గర. నాన్న బాల్కనీలో నిలబడి కిందకి చూసి "ఇక్కడ పొద్దున్నే లేచి ఏం చెయ్యాలిరా" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు, కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. బతకడానికి బాగుండటం అంటే ఆయనకి అదే కదా. భీమవరంలో ఊరు నచ్చింది, మా ఆవిడకి బాగా నచ్చింది, చూసిన ఇంట్లో బోరు నీళ్లకి మీటరు పెడితే 1,900 చూపించింది. బుల్లోడు గారూ కోప్పడకండి, మున్సిపల్ కుళాయి ఉన్న ఇల్లు మా బడ్జెట్‌లో దొరకలేదు. అమలాపురంలో ఇల్లు దొరికింది, వీధి చివర డ్రెయిన్, కరెంటు మీటరు తలపైన. రేవుకాడోడు గారిని తలచుకుని వెనక్కి వచ్చేశాం.

చివరికి కొత్తపేటలో ఒక ఇల్లు చూశాం. మెరక వీధి, 2022లో నీళ్లు రాలేదని కిళ్లీ కొట్టు అతనూ పాలబ్బాయీ విడివిడిగా చెప్పారు. రాత్రి పదకొండుకి కారేసుకుని రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లి చూశాను నైట్‌డ్యూటీ గారూ, గంటలోపే, జొన్నాడ వంతెన దగ్గర మాత్రం లారీలు. లంకకి నలభై నిమిషాలు. కొనట్లేదు, ఏడాది అద్దెకి. ఓనరు మమ్మల్ని కూడా "మీరేవుట్లు" అని అడిగాడు. ఇన్నేళ్లుగా ఎప్పుడడిగినా టక్కున చెప్పేసేవాణ్ణి, ఈసారి నోట్లో మాట ఆగింది. చెప్పాను. ఇల్లు ఇచ్చాడు. మా జవాబు ఇంకోటైతే ఇచ్చేవాడా అన్నది దారి పొడుగునా మా ఆవిడ అడుగుతూనే ఉంది.

నాన్నతో ఒప్పందం ఏంటంటే, జులై నుంచి సెప్టెంబరు దాకా మాతో ఉంటాడు, అక్టోబరు వస్తే లంకకి వెళ్లిపోతాడు, కొబ్బరికాయల దింపు రోజుల్లో ఆపకూడదు. అమ్మ ఏడాదంతా మా దగ్గరే. పాపకి ఈత రావులపాలెంలో నేర్పేవాళ్లు ఉన్నారేమో ఎవరైనా చెప్పండి. ముంపు భయం అసలు లేకుండా మేడ మీద పోర్షనే తీసుకున్నాం, అడ్వాన్సు ఇచ్చేశాను.

రేవుకాడోడు:
మేడ మీదా? మీ అమ్మగారికి స్టెంటు వేశారన్నావు కదా బాబూ, మెట్లెన్ని?

లంకబాబు:
ఇరవై రెండు. లిఫ్టు లేదు. నీళ్ల గురించి ఆలోచిస్తూ ఇది అసలు తట్టలేదండీ. కింద పోర్షన్ వాళ్లు ఎప్పుడు ఖాళీ చేస్తారో రేపు ఓనరుకి ఫోన్ చేసి అడుగుతాను.